ఒక్క టికెట్టు పట్టుకోండి: జిరా సింక్ తెగినప్పుడు నేను చేసే పని

2024 నవంబరు 4, సోమవారం. న్యూజెర్సీ క్లయింటుతో రోజూ సాయంత్రం ఏడింటికి ఉండే స్టాండప్ (పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్) ఆ రోజు నుంచి ఎనిమిదింటికి మారింది. ముందురోజే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నారు, కాబట్టి వాళ్ళ తొమ్మిదిన్నర మనకు ఎనిమిదైంది. కాల్ మొదలైందో లేదో అటువైపు మేనేజరు అడిగాడు: "నిన్న కూర్చుని ఆరు టికెట్ల ప్రయారిటీ మార్చాను. మీవాళ్ళు ఒక్కటీ ముట్టుకోలేదేం?"

మా జిరా బోర్డు చూశాను. జిరా అంటే ప్రతి పనినీ ఒక టికెట్టుగా రాసుకుని, ఎంతవరకు వచ్చిందో చూసుకునే సాఫ్ట్‌వేర్. వాళ్ళ జిరాలో మార్పును మా జిరాలోకి తెచ్చే ప్రోగ్రామే సింక్. ఆరూ పాత ప్రయారిటీతోనే ఉన్నాయి. సింక్ లాగ్ (అది చేసిన పనుల చిట్టా) తెరిస్తే పైనుంచి కిందిదాకా పచ్చగా ఉంది. ప్రతి పదిహేను నిమిషాలకు ఒక లైను: రన్ సక్సెస్, దొరికిన టికెట్లు 0. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది.

ఆ సున్నా సంగతి తర్వాత చెప్తాను. ముందు నేనెవరో చెప్పాలి. మాదాపూర్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో స్క్రమ్ మాస్టర్‌ని, అంటే టీము పని సాఫీగా సాగేలా చూసేదాన్ని. జిరా అడ్మిన్ అనేది నా హోదా కాదు. కానీ ఏ టీములో బోర్డు కదలకపోయినా "అక్కా, ఒకసారి చూస్తారా" అంటూ నా దగ్గరికే వస్తారు. క్లయింటు జిరా ఒకటి, మా జిరా ఇంకొకటి, కోడ్ గిట్‌హబ్‌లో, సమయాలు గూగుల్ క్యాలెండర్‌లో. ఈ నాలుగింటి మధ్యా ఏదో ఒక తీగ వారానికోసారైనా తెగుతూనే ఉంటుంది. ఎక్కడ తెగిందో వెతకడానికి నాకు అలవాటైన పద్ధతి ఇది.

మొదట ఒక మాట. రీసింక్ (అన్నీ మళ్ళీ తెప్పించే) బటన్ మీద చెయ్యి పెట్టకండి. అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. ఏ మార్పు ఎక్కడ ఆగిందో చెప్పే ఆధారం దాంతో చెరిగిపోతుంది. రెండువైపులా వేర్వేరుగా మారిన టికెట్టుంటే ఒకవైపు పని పోతుంది. పైగా ప్రతి మార్పుకూ వాచర్లందరికీ (ఆ టికెట్టును గమనిస్తున్నవాళ్ళకు) మెయిల్ వెళ్తుంది. కొత్తలో నేనూ నొక్కాను. క్లయింటు వైపు పెద్దాయన ఇన్‌బాక్సులో ఒక్క మధ్యాహ్నం 340 మెయిళ్ళు పడ్డాయి. ఆయన మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. స్క్రీన్‌షాట్ ఒకటి పంపాడంతే.

రీసింక్‌కు బదులు ఒక్క టికెట్టు పట్టుకోండి. "ఏదీ రావట్లేదు" అని ఎవరైనా అంటే నా మొదటి ప్రశ్న, "ఏ టికెట్టు?" అనే. నంబరు, ఎవరు మార్చారు, ఏం మార్చారు, ఎన్నింటికి (ఆ టైము ఎవరి గడియారం ప్రకారమో కూడా) నోట్‌బుక్‌లో రాసుకుంటాను. జిరాలో ప్రతి టికెట్టు కింద హిస్టరీ అనే ట్యాబ్ ఉంటుంది. మనిషి జ్ఞాపకం కంటే అది నమ్మకమైనది. "నేను నిన్ననే మార్చాను" అన్నవాళ్ళలో చాలామంది మార్చి సేవ్ కొట్టకుండా విండో మూసేసినవాళ్ళే. హిస్టరీలో మార్పు లేకపోతే సింక్ జోలికి వెళ్ళే పనే లేదు.

హిస్టరీలో ఉందనుకుందాం. ఇప్పుడు రోగం ఏ రకమో చూడాలి: అసలేమీ రావట్లేదా, కొన్నే వస్తున్నాయా, ఆలస్యంగా వస్తున్నాయా, రెండేసిసార్లు వస్తున్నాయా. ఇది తేలితే సగం పని అయినట్లే.

అసలేమీ రాకపోతే నేను ముందు అడిగేది, "ఈ నెలలో ఎవరైనా ఉద్యోగం మానేశారా?" అని. నవ్వుతారు గానీ చాలాసార్లు కారణం ఇదే. మూడేళ్ళ క్రితం ఎవరో కుర్రాడు తన సొంత అకౌంటు టోకెన్‌తోనే (పాస్‌వర్డ్‌కు బదులు ప్రోగ్రాము వాడే తాళం) కనెక్షన్ పెట్టి ఉంటాడు. అతని చివరి రోజు సాయంత్రం అకౌంటు మూసేస్తారు, మర్నాడు పొద్దున బోర్డు గడ్డకట్టుకుపోతుంది. కనెక్షన్ ఎప్పుడూ మనిషి పేరు మీద కాకుండా ఒక సర్వీస్ అకౌంటు (ప్రోగ్రాముల కోసమే పెట్టే అకౌంటు) మీదే పెట్టండి. టోకెన్‌కు గడువు కూడా ఉంటుంది. జిరా తయారుచేసే అట్లాసియన్‌లో ఇప్పుడు కొత్తగా చేసే ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంకోటి మాట్లాడే దారి) టోకెన్‌కు గరిష్ఠంగా ఏడాదే. గడువు తేదీకి రెండు వారాల ముందు క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. రిమైండర్ మీకొక్కరికే కాదు, టీమ్ మెయిల్‌కు కూడా వెళ్ళాలి. మీరూ ఒకరోజు మానేస్తారు కదా.

లాగ్‌లో ఎర్రర్ నంబరు కనిపిస్తే అదృష్టమే. 401 అంటే టోకెన్ చెల్లలేదు. 403 అంటే మనిషిని గుర్తుపట్టింది కానీ ఆ పని చేయడానికి అనుమతి లేదు. 404 దగ్గర జాగ్రత్త. "దొరకలేదు" అనగానే టికెట్టు ఎవరో డిలీట్ చేశారని హడావుడి చేయకండి. మీ అకౌంటుకు చూసే అనుమతి లేని టికెట్టుకు జిరా 404 అనే చెప్తుంది. గిట్‌హబ్ కూడా ప్రైవేట్ రెపోల (కోడ్ దాచే అరల) విషయంలో అంతే. లేదని చెప్పడం, చూపించననడం, రెండింటికీ ఒకటే జవాబు. ఆ సర్వీస్ అకౌంటుతోనే లాగిన్ అయి టికెట్టు తెరిచి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

కొన్నే వచ్చి కొన్ని రాకపోతే కథ వేరు. వచ్చినవాటిలో, రానివాటిలో తేడా ఏమిటో పక్కపక్కన పెట్టి చూడాలి. సరిగ్గా 50 టికెట్లు వచ్చి ఆగిపోతే ఇంకేమీ ఆలోచించకండి. జిరా సెర్చ్ ఒక పేజీకి మామూలుగా ఇచ్చేది 50. రెండో పేజీ అడగడం స్క్రిప్టు రాసినవాళ్ళు మర్చిపోయారు. గిట్‌హబ్‌లో అయితే ఆ అంకె 30. ప్రాజెక్టు చిన్నగా ఉన్నన్నాళ్ళూ ఈ తప్పు బయటపడదు. పెరిగాక ఒకరోజు "కొత్త టికెట్లు రావట్లేదు" అంటారు.

ఒక్క రెపో కోడ్ మాత్రమే టికెట్టులో కనిపించకపోతే ఆ రెపో ఎప్పుడు పుట్టిందో చూడండి. గిట్‌హబ్‌లో జిరా యాప్ పెట్టేటప్పుడు అన్ని రెపోలకూ అనుమతి ఇవ్వొచ్చు, ఎంచుకున్నవాటికే ఇవ్వొచ్చు. సెక్యూరిటీవాళ్ళు సహజంగానే రెండోది ఎంచుకుంటారు. ఆ తర్వాత పెట్టిన రెపో ఏదీ ఆ జాబితాలో తనంతట తాను చేరదు. ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరికీ గుర్తుండదు. మా దగ్గర కొత్త రెపో కోసం పెట్టే రిక్వెస్ట్ ఫారంలోనే ఇప్పుడొక గడి ఉంది: జిరా యాప్‌కు చేర్చారా, లేదా అని.

రెపో ఉన్నా కమిట్ (అందులో దాచిన ఒక కోడ్ మార్పు) కనిపించట్లేదంటే టికెట్ నంబరు రాసిన తీరు చూడాలి. బ్రాంచ్ (కోడ్‌లో విడిగా పని చేసుకునే శాఖ) పేరులోనో కమిట్ మెసేజ్‌లోనో ప్రాజెక్టు కీ (టికెట్ నంబరు ముందుండే అక్షరాలు) పెద్దక్షరాల్లో, తర్వాత హైఫన్, తర్వాత అంకె ఉండాలి. మధ్యలో స్పేస్ పెట్టినా, హైఫన్ బదులు అండర్‌స్కోర్ పెట్టినా జిరా దాన్ని మామూలు మాటగానే చూస్తుంది. మా టీములో ఒకబ్బాయికి అండర్‌స్కోర్ అంటే మహా ఇష్టం. అతని పని మూడు వారాలు ఏ టికెట్టులోనూ కనపడలేదు. రివ్యూ మీటింగులో పాపం ఖాళీగా కూర్చున్నాడనుకున్నారు.

దీనికి తమ్ముడులాంటిది ఇంకోటుంది. కమిట్ మెసేజ్‌లోనే గంటలు రాసి టికెట్టులో టైమ్ లాగ్ చేసే స్మార్ట్ కమిట్‌లు వాడుతుంటే, గిట్‌లో పెట్టుకున్న ఈమెయిల్, జిరాలో ఉన్న ఈమెయిల్ అక్షరం తేడా లేకుండా ఒకటే అయి ఉండాలి. కొత్త ల్యాప్‌టాప్ వచ్చిన వారంలో ఇది తప్పకుండా వస్తుంది. సెటప్ చేసుకునేటప్పుడు సొంత జీమెయిల్ ఇచ్చేస్తారు. కమిట్ టికెట్టులో కనిపిస్తుంది, గంటలు మాత్రం పడవు.

ఫీల్డుల (టికెట్టులోని గడుల) సంగతి కూడా ఇక్కడే. "స్టోరీ పాయింట్లు సున్నా వస్తున్నాయి" అని (పని ఎంత పెద్దదో చెప్పే అంకెలివి) ఫిర్యాదు వస్తే నేను స్క్రిప్టు చూడను, ప్రాజెక్టు రకం చూస్తాను. జిరా క్లౌడ్‌లో కంపెనీ మేనేజ్డ్ ప్రాజెక్టుల్లో ఉండేది స్టోరీ పాయింట్స్ అనే ఫీల్డు. టీమ్ మేనేజ్డ్‌లో ఉండేది స్టోరీ పాయింట్ ఎస్టిమేట్ అనే ఇంకో ఫీల్డు. తెర మీద చూసేవాళ్ళకు రెండూ ఒకటే, లోపల నంబర్లు వేరు. ఒకదాంట్లో రాస్తే ఇంకోదాంట్లో ఎలా వస్తుంది? స్టేటస్‌ల దగ్గరా ఇదే బాధ. ఎవరో అడ్మిన్ "రివ్యూ" అనే స్టేటస్‌ను "కోడ్ రివ్యూ"గా మారుస్తారు. పేరుతో జత కలిపిన స్క్రిప్టుకు అది కొత్త ముఖం. ఐడీతో జత కలిపి ఉంటే బతికిపోయేది. టికెట్టును ఒక ప్రాజెక్టు నుంచి ఇంకోదానికి తరలిస్తే కీ మారుతుంది, లోపలి ఐడీ మారదు. కాబట్టి ఎక్కడైనా సరే ఐడీనే దాచుకోండి, పేరునూ కీనీ కాదు. మనుషుల విషయంలోనూ అంతే. జిరా క్లౌడ్ 2019లో ఏపీఐల నుంచి యూజర్‌నేమ్‌లు తీసేసి అకౌంట్ ఐడీలు పెట్టింది. ఈమెయిల్ కూడా, ఆ మనిషి ప్రొఫైల్లో దాచుకుంటే ఏపీఐకి కనపడదు. టికెట్టు వస్తుంది, అసైనీ (పని ఎవరిదో చెప్పే) గడి ఖాళీగా వస్తుంది.

ఆలస్యం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. స్ప్రింట్ (ఒక విడత పని) క్యాలెండర్ లింకును గూగుల్ క్యాలెండర్‌లో యూఆర్‌ఎల్ ద్వారా చేర్చుకుంటే మార్పు కనపడటానికి 12 గంటల దాకా పట్టొచ్చని గూగులే చెప్తుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. రిలీజ్ టైము గంట ముందు మారిస్తే క్యాలెండర్‌ను నమ్మకుండా గ్రూపులో మెసేజ్ పెట్టండి. లాగ్‌లో 429 కనిపిస్తుంటే మాత్రం మీరు మరీ ఎక్కువసార్లు తలుపు కొడుతున్నారని. ఎంతసేపు ఆగాలో ఆ జవాబు హెడర్లోనే ఉంటుంది. అంతసేపు ఆగితే చాలు. ఆగకుండా మళ్ళీ మళ్ళీ కొట్టే స్క్రిప్టులు రాసేవాళ్ళను ఏమనాలో నాకు తెలీదు.

ఇప్పుడు ఆ సున్నా దగ్గరికి వద్దాం.

క్లయింటు జిరా నుంచి మార్పులు తెచ్చే మా స్క్రిప్టు ప్రతి పదిహేను నిమిషాలకు ఒకే ప్రశ్న అడుగుతుంది: "పోయినసారి నేను వచ్చినప్పటి నుంచి మారిన టికెట్లు ఇవ్వు." జిరాలో వెతకడానికి వాడే జేక్యూఎల్‌లో తేదీ, టైము ఇస్తాం కానీ అది ఏ దేశం టైమో రాయం. అడుగుతున్న అకౌంటు ప్రొఫైల్లో ఏ టైమ్ జోన్ ఉంటే ఆ టైముగానే జిరా చదువుకుంటుంది. మా సర్వీస్ అకౌంటును తయారుచేసింది న్యూజెర్సీవాళ్ళు, అందులో న్యూయార్క్ టైము ఉంది. మా సర్వర్ భారత కాలమానంలో ఉంది. స్క్రిప్టు రాసినాయన వేసవిలో రాశాడు, తేడా తొమ్మిదిన్నర గంటలు అని లెక్కేసి ఆ అంకెను కోడ్‌లో కూర్చోబెట్టాడు.

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి వెళ్తుంది, తేడా పదిన్నర గంటలవుతుంది. ఆ సోమవారం రాత్రి ఎనిమిదింటి రన్ తీసి కాగితం మీద లెక్క వేశాను. పోయిన రన్ మన టైములో 7.45. అందులోంచి తొమ్మిదిన్నర తీసేస్తే పొద్దున 10.15. కానీ న్యూయార్క్‌లో అప్పుడు టైము ఇంకా 9.30. అంటే స్క్రిప్టు జిరాను అడుగుతున్నది "ఇంకో ముప్పావుగంట తర్వాత మారబోయే టికెట్లు ఇవ్వు" అని. జిరా ఏం చేస్తుంది పాపం, సున్నా అంది. అది ఎర్రర్ కాదు కాబట్టి స్క్రిప్టు సక్సెస్ అని రాసుకుని, గడియారాన్ని ముందుకు జరుపుకుని వెళ్ళిపోయింది. మీటింగ్ గంట జరిగిందని మా ఇంట్లో వంట దగ్గర్నుంచి అన్నీ మార్చుకున్నాను, స్క్రిప్టు జరగలేదన్న ఆలోచనే రాలేదు.

ఆ రాత్రి నేను చేసిన మరమ్మతు సిగ్గుచేటు. తొమ్మిదిన్నరను పదిన్నర చేశాను, మూడు రోజుల వెనకనుంచి అన్నీ తెప్పించాను, పడుకున్నాను. 2025 మార్చి 9న గడియారం మళ్ళీ ముందుకెళ్ళింది. ఈసారి తిరగబడింది. స్క్రిప్టు ప్రతిసారీ గంట వెనకనుంచి అడగడం మొదలుపెట్టింది, అంటే గంటంబావు మార్పులు. పదిహేను నిమిషాలకో రన్ కాబట్టి ఒక్కో కామెంటూ ఐదుసార్లు పడింది. "సరే" అని క్లయింటు రాస్తే, సరే సరే సరే సరే సరే.

సరైన మందు చాలా చిన్నది. జేక్యూఎల్‌లో టైముకు బదులు "ఇప్పటి నుంచి ఇన్ని నిమిషాల వెనక" అని అడగొచ్చు. మైనస్ గుర్తు, అంకె, నిమిషాలకో అక్షరం. అప్పుడు టైమ్ జోన్ గొడవే లేదు. పోయిన సక్సెస్ రన్ నుంచి ఎన్ని నిమిషాలైందో లెక్కేసి, దానికి ఇంకో పదిహేను కలిపి అడుగుతున్నాం. ఆ కలిపినదాంట్లో కొన్ని మళ్ళీ వస్తాయి, రానివ్వండి. కామెంట్ ఐడీ మన దగ్గర ఉంటే వదిలెయ్యడమే. తప్పిపోవడం కంటే రెండుసార్లు చూడటం నయం. స్క్రిప్టు మార్చే వీలు లేకపోతే కనీసం ఆ సర్వీస్ అకౌంటు ప్రొఫైల్లో టైమ్ జోన్‌ను మీ సర్వర్‌తో సమానం చేయండి.

రెండేసి పడటానికి ఇంకో కారణం, రెండువైపులా సింక్ ఉన్నప్పుడు వచ్చే ప్రతిధ్వని. ఇటు కామెంట్ అటు వెళ్తుంది, అటు అది కొత్త కామెంట్‌లా కనిపించి మళ్ళీ ఇటొస్తుంది. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి వందలు. సర్వీస్ అకౌంటు రాసిన మార్పును ఎప్పుడూ వెనక్కి పంపకూడదనే షరతు ఒక్కటి పెడితే ఆగిపోతుంది.

చివరిగా వెబ్‌హుక్‌లు, అంటే ఏదైనా జరగగానే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానికి పంపే కబుర్లు. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ కలపండనే వినతి) మెర్జ్ కాగానే, అంటే కోడ్ కలిసిపోగానే, మా సర్వర్‌కు ఒక కబురు వస్తుంది, అది టికెట్టును జరుపుతుంది. 2025 భోగి రోజు పొద్దున మా సర్వర్ సర్టిఫికెట్ (సర్వర్ నిజమైనదేనని చూపే పత్రం) గడువు అయిపోయింది. దాన్ని రెన్యూ చేయాల్సిన జాబ్ (తనంతట తాను నడిచే ప్రోగ్రాము) ఎప్పుడో ఆగిపోయిందని ఎవరూ చూడలేదు. మేమంతా ఊళ్ళలో ఉన్నాం. న్యూజెర్సీవాళ్ళకు సంక్రాంతి లేదు, మెర్జులు చేస్తూనే ఉన్నారు. కనుమ దాటి శుక్రవారం, 17న ఆఫీసుకొచ్చి గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్స్ కింద రీసెంట్ డెలివరీస్ తెరిస్తే అన్నీ ఎర్రగుర్తులే. అందని కబురును గిట్‌హబ్ తనంతట తాను మళ్ళీ పంపదు. మనం రీడెలివర్ నొక్కాలి, అదీ గత మూడు రోజులవాటికే కుదురుతుంది. భోగినాటివి చేజారిపోయాయి. వాటికి ఆ రోజు కదిలిన పుల్ రిక్వెస్టుల జాబితా తీసి ఒక్కొక్కటే చేత్తో జరిపాను.

సర్టిఫికెట్ సరిచేసి మిగతావి రీడెలివర్ చేస్తుంటే ఇంకో వింత. డన్‌లో ఉన్న టికెట్టు ఒకటి రివ్యూకు వెనక్కి వచ్చింది. శుక్రవారం కబురు అప్పటికే అందింది, బుధవారం కబురు దాని తర్వాత అందింది. కబురులో ఉన్న టైము టికెట్టు చివరిసారి మారిన టైము కంటే పాతదైతే పట్టించుకోవద్దని ఒక షరతు అప్పుడే చేర్చాం. ఇంకోటి కూడా బయటపడింది. మా సర్వర్ కబురు అందగానే జిరాతో నాలుగుసార్లు మాట్లాడి, అంతా అయ్యాక జవాబిస్తోంది. గిట్‌హబ్ ఆగేది పది సెకన్లే. పదకొండో సెకనుకు పని పూర్తయినా అక్కడ ఫెయిల్ అనే పడుతుంది, మనం రీడెలివర్ నొక్కితే పని రెండుసార్లు జరుగుతుంది. ముందు "అందింది" అనేసి పనిని క్యూలో వేయండి. ప్రతి కబురుకూ ఒక డెలివరీ ఐడీ ఉంటుంది, రీడెలివర్ చేసినా అదే ఉంటుంది. చూసిన ఐడీ మళ్ళీ వస్తే వదిలెయ్యండి.

కారణం దొరికి, బాగుచేసి, ఆ ఒక్క టికెట్టూ సరిగ్గా దాటిందని చూశాకే తప్పిపోయినవాటిని తెచ్చుకోవాలి. తెగిన గంట నుంచి కలిసిన గంట దాకా మాత్రమే, నోటిఫికేషన్లు ఆపేసి, మొదట పది టికెట్లతో.

ఈ రెండు దెబ్బల తర్వాత క్లయింటు జిరాలో ఒక ఉత్తుత్తి టికెట్టు పెట్టాను. పేరు "ముట్టుకోవద్దు". ఒక చిన్న జాబ్ గంటకోసారి దాని ప్రయారిటీని లో నుంచి మీడియంకు, మీడియం నుంచి లోకు మారుస్తుంది. అరగంటలో మా వైపు అదే మార్పు కనపడకపోతే నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. లాగ్ పచ్చగా ఉందా లేదా అని ఇప్పుడు నేను చూడను. మొన్న క్లయింటు వైపు కొత్తగా చేరిన అమ్మాయి బ్యాక్‌లాగ్ (మిగిలిన పనుల జాబితా) శుభ్రం చేస్తూ దాన్ని కూడా క్లోజ్ చేసేసింది. క్లోజ్ అయిన టికెట్టును వాళ్ళ వర్క్‌ఫ్లో ఎడిట్ చేయనివ్వదు. అర్ధరాత్రి పన్నెండున్నరకు నా ఫోను మోగింది.